దేనితో పోలిస్తే?

పొద్దున్నే విశాఖ ద్వారకా నగర్ ఆర్టీసీ కాంప్లెక్సులో దిగే బస్సుల్ని గమనించండి. పలాస, పార్వతీపురం, సాలూరు, పాడేరు, నర్సీపట్నం నుంచి వచ్చినవాళ్ళలో చాలామంది చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో పాత చీటీలు, ఎక్స్‌రేలు, చెవి పరీక్ష కాగితాలు. రోడ్డు దాటి ఏ లైన్లోకి తిరిగినా డాక్టరు బోర్డు, పక్కనే ల్యాబు, ఆ పక్కన మందుల షాపు. చెవిపోటు, ముక్కు దిబ్బడ, గొంతు నొప్పి, తల తిరుగుడు అంటూ వచ్చినవాళ్ళు సాయంత్రం బస్సుకల్లా మందుల సంచితో వెనుదిరుగుతారు. డబ్బు ఖర్చయింది, పని దినం పోయింది. అడగవలసిన ప్రశ్న ఒకటి మాత్రం అడగకుండానే మిగిలిపోయింది.

"ఈ మందుతో తగ్గుతుందా అండీ?" అని అందరూ అడుగుతారు. "తగ్గుతుంది" అని జవాబు వస్తుంది. అది అబద్ధం కాదు. కానీ ఆ మందు వేసుకోకపోయినా తగ్గేదేనా? తగ్గితే ఎన్నాళ్ళకు తగ్గేది? అంటే దేనితో పోలిస్తే ఈ మందు మంచిది? వైద్య పరిశోధనంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. దీన్ని పరిశోధకులకే వదిలేయక్కర్లేదు. ఓపీ చీటీ కోసం వరసలో నిలబడ్డ ఎవరైనా అడగవచ్చు.

జలుబుకు మందేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అని మనవాళ్ళు నవ్వుతూ అంటుంటారు. ఆ మాటలో మంచి పరిశోధకుడి చూపు ఉంది. చెవి, ముక్కు, గొంతు జబ్బుల్లో ఎక్కువ భాగం వాటంతటవే తగ్గేవి. బాధ బాగా ముదిరిన రోజునే మనం డాక్టరు దగ్గరికి పరిగెత్తుతాం. ఆ మర్నాటి నుంచి ఎటూ తగ్గుముఖం పట్టాల్సిందే. ఆ మధ్యలో ఏం మింగితే దానికే పేరొస్తుంది. అజిత్రోమైసిన్ మూడు బిళ్ళల స్ట్రిప్‌కు మన ఊళ్ళలో అంత పేరు అలాగే వచ్చింది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. అయినా "గొంతు నొప్పండీ, ఆ మూడు బిళ్ళలూ ఇవ్వండి" అని అడిగి తీసుకునేవాళ్ళకు కొదవ లేదు.

ఈ భ్రమను విడదీసే పద్ధతి ఒకటుంది. 2012లో ఫలితాలు ప్రకటించిన ఒక ట్రయల్ కోసం అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో సైనస్ ఇన్ఫెక్షన్ ఉన్న 166 మంది పెద్దవాళ్ళను చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు పది రోజులు అమాక్సిసిల్లిన్ ఇచ్చారు. రెండో గుంపుకు అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి గోళీలు ఇచ్చారు. దాన్నే ప్లేసిబో అంటారు. ఎవరికి ఏది వెళ్ళిందో రోగికీ తెలియదు, లెక్క రాసుకునేవాళ్ళకూ తెలియదు. నొప్పికీ జ్వరానికీ దిబ్బడకూ మామూలు మందులు ఇద్దరికీ ఇచ్చారు. మూడో రోజున రెండు గుంపుల మధ్య తేడా లేదు. ఏడో రోజున యాంటీబయాటిక్ వాడినవాళ్ళది కాస్త పైచేయి. పదో రోజుకు మళ్ళీ సమానం. మందు వాడినవాళ్ళలో 78 శాతం, వాడనివాళ్ళలో 80 శాతం బాగున్నామన్నారు.

అలాగని సైనస్‌కు యాంటీబయాటిక్ ఎప్పుడూ వద్దని కాదు. పది రోజులు దాటినా తగ్గకపోతే, కాస్త తగ్గి మళ్ళీ ఉన్నట్టుండి ముదిరితే, జ్వరం ఎక్కువగా ఉండి ముఖంలో ఒక వైపు విపరీతంగా నొప్పి ఉంటే అవసరం పడుతుంది. కంటి చుట్టూ వాపు వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. రెండేళ్ళ లోపు పసివాళ్ళకు కచ్చితంగా నిర్ధారణ అయిన చెవి ఇన్ఫెక్షన్లో యాంటీబయాటిక్ మేలు చేస్తుందని 2011లో వచ్చిన రెండు ట్రయల్స్ చూపించాయి. కాబట్టి మందు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు ఒంటి మాటలో జవాబుండదు. ఎవరికి, ఏ దశలో అన్నది చూడాలి.

తల తిరుగుడు సంగతి ఇంకా విచిత్రం. లోపలి చెవిలో వచ్చే మెనియర్ జబ్బుకు బీటాహిస్టిన్ బిళ్ళలు నెలల తరబడి వాడేవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు. జర్మనీలో 221 మంది మీద తొమ్మిది నెలల పాటు దీన్ని పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. ఒక గుంపుకు తక్కువ మోతాదు, ఒక గుంపుకు ఎక్కువ మోతాదు, మూడో గుంపుకు ప్లేసిబో. మూడు గుంపుల్లోనూ తల తిరిగే దాడులు తగ్గాయి, దాదాపు ఒకేలా తగ్గాయి. "నాకు ఆ బిళ్ళతోనే తగ్గిందండీ" అని ఈ 221 మందిలో ఎవరన్నా తగ్గిన మాట నిజమే. ఆ ఘనత బిళ్ళది కాదంతే. (ఈ పేజీ చదివి మీ బిళ్ళలు మీరే ఆపేయకండి. వచ్చేసారి డాక్టరు గారి దగ్గర ఈ మాట ఎత్తండి.)

అదే తల తిరుగుడు మంచం మీద పక్కకు తిరిగినప్పుడో, తలెత్తి అటక మీదికి చూసినప్పుడో వచ్చి, నిమిషం లోపే ఆగిపోతోందా? అయితే చాలా వరకు అది వేరే జబ్బు. లోపలి చెవిలో ఉండే సన్నని సున్నపు రేణువులు చోటు తప్పి అర్ధచంద్రాకారపు గొట్టాల్లోకి జారడం వల్ల వస్తుంది. దానికి బిళ్ళ అక్కర్లేదు. పోర్ట్‌లాండ్‌కు చెందిన జాన్ ఎప్లీ అనే ఈఎన్‌టీ సర్జన్ 1992లో ఒక పద్ధతి ప్రచురించాడు. రోగిని బల్ల మీద పడుకోబెట్టి తలను వరసగా కొన్ని కోణాల్లో తిప్పుతారు. కొద్ది నిమిషాల పని. ఆ తర్వాత ట్రయల్ మీద ట్రయల్ జరిగి అది నిలబడింది. ఏళ్ళ తరబడి మెడ ఎముక అరుగుదల అనుకుని కాలర్ పట్టీలు కట్టుకున్నవాళ్ళు ఒకటి రెండుసార్లు ఈ పద్ధతి చేయించుకుని హాయిగా లేచి వెళ్ళిన సందర్భాలున్నాయి. మీ డాక్టరును "ఎప్లీ పద్ధతి నాకు సరిపోతుందా అండీ?" అని అడగండి. మెడ సమస్య ఉన్నవాళ్ళు మొదటిసారి సొంతంగా ప్రయత్నించవద్దు.

ఇక టాన్సిల్స్. ఇది కాస్త నిదానంగా చెప్పుకోవలసిన కథ.

1930లలో న్యూయార్క్‌లో పదకొండేళ్ళ బడి పిల్లలు వెయ్యి మందిని ఒక సర్వేలో పరీక్షించారు. వాళ్ళలో 611 మందికి అప్పటికే టాన్సిల్స్ తీసేసి ఉన్నాయి. మిగిలిన 389 మందిని డాక్టర్లు చూసి 174 మందికి ఆపరేషన్ కావాలన్నారు. అక్కర్లేదన్న 215 మందిని మరో డాక్టర్ల బృందానికి చూపించారు. వాళ్ళు అందులో 99 మందికి కావాలన్నారు. మిగిలిన 116 మందిని మూడో బృందానికి చూపిస్తే మళ్ళీ దాదాపు సగం మందికి కావాలన్నారు. చివరికి వెయ్యి మందిలో ఆపరేషన్ అక్కర్లేనివాళ్ళు 65 మంది తేలారు. ఆ డాక్టర్లెవరూ మోసగాళ్ళు కాదు. కొలబద్ద లేనప్పుడు చూసే కన్ను ప్రతి గుంపులోనూ సగం మందిని జబ్బువాళ్ళుగానే చూస్తుంది. అంతే జరిగింది.

ఆ కొలబద్ద 1984లో వచ్చింది. పిట్స్‌బర్గ్‌లో జాక్ పారడైజ్ అనే పిల్లల డాక్టరు బృందం చేసిన ట్రయల్‌లోకి పిల్లల్ని తీసుకోవడానికి ఒక లెక్క పెట్టుకున్నారు. ఒక ఏడాదిలో ఏడుసార్లు, లేదా వరసగా రెండేళ్ళు ఏడాదికి ఐదుసార్లు, లేదా మూడేళ్ళు ఏడాదికి మూడుసార్లు గట్టి గొంతు నొప్పి వచ్చి ఉండాలి. అది కూడా అమ్మ గుర్తు చేసుకుని చెప్తే సరిపోదు, రాసిపెట్టి ఉండాలి. అంత బాధ పడ్డ పిల్లలకు ఆపరేషన్ మేలు చేసింది. ఆ లెక్కే ఇప్పటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉంది. రాత్రి గురక పెడుతూ మధ్యమధ్యలో ఊపిరి ఆగిపోయే పిల్లల విషయం వేరు. వాళ్ళకు గొంతు నొప్పులతో సంబంధం లేకుండానే ఆపరేషన్ ఆలోచిస్తారు.

పెద్దవాళ్ళకో? బ్రిటన్‌లో 453 మంది మీద చేసిన ట్రయల్ ఫలితాలు 2023లో వచ్చాయి. రెండేళ్ళ కాలంలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకు మధ్యస్థంగా 23 రోజులు గొంతు నొప్పి ఉంటే, మందులతో నెట్టుకొచ్చినవాళ్ళకు 30 రోజులు ఉంది. మేలు ఉంది, కొండంత లేదు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో దాదాపు ఐదుగురిలో ఒకరికి రక్తస్రావం కూడా అయింది. ఈ రెండు అంకెలూ మీ ముందు పెట్టుకుంటే నిర్ణయం మీ చేతిలోకి వస్తుంది. రోజుకూలి మీద బతికేవాడికి, నోటితోనే ఉద్యోగం చేసే టీచరుకు, పరీక్షలు దగ్గర పడ్డ విద్యార్థికి జవాబు ఒకటే కానక్కర్లేదు.

అందుకని మీ ఇంట్లో గొంతు నొప్పి మాటిమాటికీ వచ్చేవాళ్ళుంటే ఇవాళే ఒక పని మొదలుపెట్టండి. క్యాలెండర్ మీద ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టి పక్కన జ్వరం ఎంత, ఎన్నాళ్ళు, ఏం మందు అని రాయండి. వంటింట్లో తగిలించిన వెంకట్రామా క్యాలెండరైనా సరే. ఏడాది తర్వాత ఆ క్యాలెండర్ పట్టుకెళ్ళి డాక్టరు ముందు పెట్టండి. ఏ స్కానూ చెప్పలేని సమాచారం అందులో ఉంటుంది.

పరిశోధన ప్రతిసారీ "వద్దు, ఆగు" అనే చెప్తుందనుకోకండి. ముక్కు దూలం వంకర ఉన్నవాళ్ళ మీద బ్రిటన్‌లోనే 17 ఆసుపత్రుల్లో 378 మంది పెద్దవాళ్ళతో ట్రయల్ జరిగింది. ఆరు నెలల తర్వాత బాధల లెక్కలో ఆపరేషన్ గుంపుకు సగటున 19.9, స్ప్రేలు వాడిన గుంపుకు 39.5 వచ్చింది. ఈ లెక్కలో అంకె తగ్గితే సుఖం. ఇంత స్పష్టమైన తేడా ఈఎన్‌టీ ట్రయల్స్‌లో అరుదు. దూలం వంకర వల్లనే ఊపిరి ఆడడం లేదని తేలినవాళ్ళు ఆపరేషన్‌కు భయపడి ఏళ్ళకేళ్ళు డ్రాప్స్ మీద బతకాల్సిన అవసరం లేదు.

ఆ డ్రాప్స్ గురించి రెండు మాటలు. వేసిన క్షణంలో ముక్కు తెరుచుకునే ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ రకాలు ఐదు రోజులు దాటితే ముక్కును మళ్ళీ మళ్ళీ మూసేస్తాయి. అప్పుడు జబ్బు కోసం మందు కాదు, మందు వల్లే జబ్బు. అలర్జీకి డాక్టర్లు రాసే స్టెరాయిడ్ స్ప్రే వేరు. అది వెంటనే పనిచేయదు. కొన్ని రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. నాలుగు రోజులు కొట్టి "ఇది పనిచేయలేదండీ" అని అటక మీద పారేసేవాళ్ళు చాలామంది. కొట్టే తీరులో కూడా పొరపాట్లుంటాయి. తల వెనక్కి వాల్చకూడదు, కాస్త ముందుకు వంచాలి. కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో, కొన కంటి మూల వైపు ఉండేలా కొట్టాలి. అప్పుడు మందు మధ్య దూలానికి తగలదు, రక్తం కారదు. కొట్టాక గట్టిగా పీల్చితే మందంతా గొంతులోకి పోతుంది. మెల్లగా పీల్చండి.

జలుబు బిళ్ళ కొనేటప్పుడు స్ట్రిప్ వెనక్కి తిప్పి చూడండి. ఫినైలెఫ్రిన్ అన్న పేరు చాలావాటిలో కనిపిస్తుంది. నోటితో మింగితే అది ముక్కు దిబ్బడను తగ్గించదని 2023 సెప్టెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ నిపుణుల సంఘం 16–0 ఓటుతో తేల్చింది. అదే ఏడాది డిసెంబరులో మన కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఫినైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమిన్ కలిసిన మందును నాలుగేళ్ళ లోపు పిల్లలకు వాడకూడదని చెప్పింది. ఇంట్లో చంటిపిల్లల సిరప్ సీసాలుంటే ఒకసారి చదవండి.

చెవిలో చీము కారేవాళ్ళకు నోటి మాత్రల కంటే సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి చుక్కల మందే చెవిని బాగా ఆరబెడుతుందని ట్రయల్స్ అన్నీ కలిపి చూసిన సమీక్షలు చెప్తున్నాయి. అయితే చీము నిండిన చెవిలో చుక్కలు వేస్తే మందు లోపలికి దిగదు. శుభ్రమైన దూదిని వత్తిలా చుట్టి చెవిలో పెట్టి, తడిసినప్పుడల్లా మార్చి, పొడిగా వచ్చాక వేయాలి. సీసాను గుప్పిట్లో కాసేపు పట్టుకోండి. చల్లటి చుక్కలు పడితే తల గిర్రున తిరుగుతుంది. పక్కకు ఒత్తిగిలి పడుకుని చుక్కలు వేశాక, చెవి రంధ్రం ముందుండే చిన్న మెత్తటి ఎముకను వేలితో నాలుగైదుసార్లు నొక్కాలి. ఐదు నిమిషాలు అలాగే ఉండాలి. మన విశాఖ గాలిలో తేమ ఎక్కువ. చెవిలో వెల్లుల్లి నూనె పోయడం, బడ్స్‌తోనో పిన్నీసుతోనో గుబిలి తీయడం ఇక్కడ ఫంగస్‌ను పిలిచి కూర్చోబెట్టడమే.

పరిశోధన ఎవరి మీద జరిగింది? ఇది రెండో ప్రశ్న. దీని బలం తెలియాలంటే వినికిడి యంత్రాల ట్రయల్ ఒకటి చూడాలి. వినికిడి యంత్రం పెట్టుకుంటే ముసలితనంలో బుద్ధి మందగించడం తగ్గుతుందా అని అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ళ వయసున్న 977 మంది మీద మూడేళ్ళు చూశారు. 2023లో వచ్చిన జవాబు రెండు ముక్కలుగా ఉంది. అందరినీ కలిపి చూస్తే తేడా లేదు. గుండె జబ్బుల లాంటి ముప్పులు ముందే ఎక్కువగా ఉన్న గుంపును విడిగా చూస్తే మందగింపు 48 శాతం తగ్గింది. అదే యంత్రం, అదే ట్రయల్. కాబట్టి ఎవరైనా పెద్ద అంకె చూపించినప్పుడు "అందులో మా నాన్న లాంటివాళ్ళు ఉన్నారా?" అని అడగాలి.

మన ఊళ్ళో స్టీల్ ప్లాంటులోనో షిప్‌యార్డులోనో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైనవాళ్ళ చెవి పరీక్ష కాగితం చూస్తే 4,000 హెర్ట్జ్ దగ్గర గీత గుంటలా దిగిపోయి కనిపిస్తుంది. మోత వల్ల పోయిన వినికిడి గుర్తు అది. అలా చచ్చిపోయిన లోపలి కణాలు తిరిగి రావు. చెవిలో హోరు మాత్రం మిగులుతుంది. ఆ హోరుకు జింకో ఆకు బిళ్ళలు ఖరీదు పెట్టి కొంటుంటారు. బ్రిటన్‌లో 1,121 మంది మీద పరీక్షించి, ప్లేసిబో కంటే అది ఏ మాత్రం మెరుగు కాదని 2001లోనే చెప్పారు. ఆ డబ్బు వినికిడి యంత్రానికి దాచుకోవడం మేలు. ఇప్పుడు డ్యూటీలో ఉన్నవాళ్ళు చెవి ప్లగ్గులు జేబులో కాకుండా చెవిలో పెట్టుకోవాలి. మోత వల్ల వచ్చే చెవుడు కార్మిక చట్టపు జాబితాలో ఉంది. అంటే అది తప్పనిసరిగా అధికారులకు తెలియజేయవలసిన వృత్తి జబ్బు. అలా నమోదు చేయించుకునే అవకాశం వదులుకోకండి.

ఈ అంకెలన్నీ ఎవరో ఒకరు తమ శరీరాన్ని పరీక్షకు ఇస్తేనే పుట్టాయి. రేపు మిమ్మల్నే అడగవచ్చు. వాల్తేరులోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికి వెళ్తే, 1923లో మొదలైన ఆంధ్రా మెడికల్ కాలేజీలో పీజీ చేస్తున్న యువ డాక్టరు మీతో "మా థీసిస్‌లో చేరతారా?" అనవచ్చు. పీజీ డిగ్రీకి థీసిస్ తప్పనిసరి. భయపడి పారిపోవద్దు, కళ్ళు మూసుకుని సంతకం పెట్టవద్దు. వివరాల కాగితం తెలుగులో ఇవ్వమనండి. ఇంటికి తీసుకెళ్ళి నలుగురితో మాట్లాడి వస్తానని చెప్పండి. చేరాక ఎప్పుడైనా మానేయవచ్చు. మానేసినందుకు మామూలు వైద్యం ఆపకూడదు. కొత్త మందుల ట్రయల్ అయితే 2019 నాటి నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగినప్పుడు ఉచిత వైద్యం, పరిహారం మీ హక్కు. చదువు రానివాళ్ళ విషయంలో నిష్పక్షపాతి అయిన సాక్షి ఉండాలి. ట్రయల్ నిజమైనదో కాదో చూడాలంటే 2007లో మొదలైన సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్ట్రీని ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. మన దేశంలో కొత్త మందుల ట్రయల్స్ అందులో నమోదు కావడం 2009 జూన్ నుంచి తప్పనిసరి.

ఇంత పట్టుగా చెప్పడానికి కారణం ఖమ్మం. 2009లో ఉమ్మడి రాష్ట్రంలోని ఆ జిల్లాలో ఒక అధ్యయనంలో భాగంగా 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14,000 మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. గర్భాశయ ముఖ క్యాన్సర్‌నే కాదు, గొంతు క్యాన్సర్లలో కొన్నింటినీ తెచ్చే వైరస్ అది. టీకా మంచిదే. కానీ హాస్టళ్ళలో ఉన్న ఎందరో గిరిజన పిల్లల తరఫున అంగీకార పత్రాల మీద వార్డెన్లు సంతకాలు పెట్టారు. తల్లిదండ్రులకు తెలియదు. 2010 ఏప్రిల్లో దాన్ని ఆపేయాల్సి వచ్చింది, పార్లమెంటు సంఘం తప్పు పట్టింది. అడగకుండా చేసిన పని వల్ల ఒక మంచి టీకా మీద కూడా జనానికి అనుమానం పుట్టింది. ఆ నష్టం ఇప్పటికీ పూడలేదని నా అభిప్రాయం.

ఇక మూడో ప్రశ్న. ఆగితే ఏమవుతుంది? ఇప్పటిదాకా ఆగవచ్చని చెప్పినవన్నీ ఒక ఎత్తు, ఇప్పుడు చెప్పబోయేవి ఒక ఎత్తు.

పొద్దున లేచేసరికి ఒక చెవి వినపడకపోతే నీళ్ళు పోయాయనో గుబిలి అడ్డుపడిందనో వారం పది రోజులు గడపకండి. ఆ రోజో మర్నాడో వినికిడి పరీక్ష జరగాలి. నరానికి దెబ్బ తగిలి ఉంటే స్టెరాయిడ్ ముఖ్యంగా మొదటి రెండు వారాల్లో పనికొస్తుంది, ఎంత తొందరైతే అంత మంచిది. మూతి ఒక వైపుకు వంకర పోయి కన్ను మూతపడకపోతే ముందు పక్షవాతం కాదని తేల్చుకోవాలి. చెయ్యి, కాలు, మాట కూడా తేడాగా ఉంటే నిమిషం కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్ళాలి. ముఖానికే పరిమితమైన బెల్స్ పాల్సీ అయితే గడువు 72 గంటలు. స్కాట్లాండ్‌లో 551 మంది మీద చేసి 2007లో ప్రకటించిన ట్రయల్ ఈ సంగతి తేల్చింది. ఆ గడువులో ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టినవాళ్ళలో మూడు నెలలకు 83 శాతం మంది ముఖం మామూలైంది. అది వాడనివాళ్ళలో 63.6 శాతమే. వైరస్ మందు ఎసైక్లోవిర్ వల్ల అదనపు లాభం కనిపించలేదు. పావురం రక్తం పట్టీలకు, ఆకు పసర్లకు ఆ మూడు రోజులూ ఖర్చు పెట్టిన మనుషులు మన జిల్లాల్లో ఎందరో. ఇకపోతే షుగర్ ఉన్నవాళ్ళకు ముక్కులోంచి నల్లటి పక్కులు రావడం, ఒక వైపు బుగ్గ తిమ్మిరెక్కడం, కన్ను వాయడం జరిగితే అది 2021లో మనం చూసిన బ్లాక్ ఫంగస్ కావచ్చు. అక్కడ గంటలే లెక్క.

అన్నిటికంటే మన ప్రాంతానిదైన జబ్బు ఒకటుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరపు ఊళ్ళలో, ముఖ్యంగా ఆడవాళ్ళు, చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటారు దాన్ని. నిప్పు వేడి నేరుగా అంగిలికి తగులుతుంది. అలా కాల్చేవాళ్ళకు అంగిలి క్యాన్సర్ వస్తోందని 1957లోనే డి.జి. రెడ్డి, వి.కె. రావు రాశారు. ఆ తర్వాత డెన్మార్క్ శాస్త్రవేత్త పింద్‌బోర్గ్, మన దేశపు ఫలీ మెహతా, పి.సి. గుప్తా తదితరులు శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్ళు పరీక్షించారు. 1971లో అచ్చయిన ఆ అధ్యయనంలో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ కాల్చేవాళ్ళే. అంగిలి మీద తెల్ల మచ్చలు, ఎర్ర మచ్చలు, చిన్న చిన్న బొడిపెలు ఎలా మొదలై ఎటు పోతాయో ప్రపంచానికి తెలిసింది వీళ్ళ నోళ్ళ ద్వారానే. ఆపైన ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో 36,000 మందికి పైగా పొగాకు వాడకందారులకు ఏళ్ళ తరబడి నచ్చజెప్పి చూశారు. మానేసినవాళ్ళలో మచ్చలు తగ్గాయి. పేదవాళ్ళకు చెప్పినా వినరు అన్న మాటకు ఆ ఊళ్ళే జవాబు.

మచ్చ దాటి క్యాన్సర్ అయినా, తొందరగా పట్టుకుంటే తేడా ఉంటుంది. తొలిదశ నోటి క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసేటప్పుడే మెడలోని గ్రంథులు కూడా తీసేయాలా, అక్కడ గడ్డ కనిపించేదాకా ఆగాలా అన్న వాదన డాక్టర్ల మధ్య దశాబ్దాలు నడిచింది. ముంబయి టాటా మెమోరియల్‌లో అనిల్ డిక్రూజ్ బృందం ట్రయల్ చేసి 2015లో తేల్చింది. ముందే తీసినవాళ్ళలో మూడేళ్ళకు 80 శాతం మంది బతికున్నారు, ఆగినవాళ్ళలో 67.5 శాతం. అమెరికా, యూరప్ డాక్టర్లు మన దేశపు రోగుల మీద జరిగిన ట్రయల్ చూసి తమ పద్ధతి సరిచేసుకున్నారు. ఆ టాటా మెమోరియల్ కిందే నడిచే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మన అగనంపూడిలో ఉంది. కాంప్లెక్సు నుంచి గాజువాక మీదుగా బస్సులున్నాయి.

కాబట్టి ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు మీ నాయనమ్మనో, అమ్మమ్మనో, వీధరుగు మీద చుట్ట కాల్చే ముసలామెనో "ఒక్కసారి నోరు తెరువమ్మా" అని అడగండి. కట్టుడు పళ్ళుంటే తీయించండి. ఫోను టార్చి వేసి అంగిలి చూడండి. మూడు వారాలైనా మానని పుండు, తెల్లగానో ఎర్రగానో మచ్చ, బొడిపె, మెడలో గడ్డ ఏది కనిపించినా, గొంతు మూడు వారాలుగా బొంగురుగా ఉన్నా, నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. మొదట్లో నొప్పి ఉండదు. మర్నాటి మొదటి బస్సుకే తీసుకురండి.